ఖాళీ రోబో ఎదురొస్తే

మురుగుకాల్వల నిర్వహణ నేర్చుకు రమ్మని పంపితే మా పుల్లేటిపట్నం మునిసిపల్ కమిషనర్ విద్యాధరరావు గారు విదేశం వెళ్ళొచ్చారు. ఏ దేశమో అడక్కండి, ఆయన ఎన్నిసార్లు చెప్పినా మాకు నోరు తిరగలేదు. అక్కడ ఆయన దిగిన హోటల్లో ఒక రోబో లిఫ్టెక్కి వచ్చి, గది తలుపు తట్టి, గిన్నెడు చారులాంటిదేదో అందించి, వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయిందట. తన సర్వీసు మొత్తంలో నమస్కారం పెట్టి కూడా ఏ పనీ అడక్కుండా వెళ్ళిన జీవి అదొక్కటేనని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇక మురుగుకాల్వలు ఎవరికి గుర్తుంటాయి?

నా పేరు ఆదిలక్ష్మి. బస్టాండు వెనక ఆదిలక్ష్మి టిఫిన్స్ నాదే. నాకు నోరెక్కువని ఊళ్ళో అంటారు. హోటల్ నడిపేవాళ్ళకి నోరు తక్కువైతే ఉప్మాలో జీడిపప్పు కూడా మిగలదు. అయినా ఈ కథ ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

కమిషనర్ గారు దిగీదిగగానే హోటళ్ళవాళ్ళందర్నీ టౌన్ హాలుకు పిలిపించారు.

"గౌరవనీయ హోటల్ యాజమాన్య సోదర సోదరీమణులారా! మానవుడు స్వభావరీత్యా ఆలస్యకారకుడు. దారిలో ముచ్చట్లాడును. తుమ్మును. కావున రాబోయే ఉగాది నుండి పట్టణ పరిధిలో వండిన ఆహారాన్ని వినియోగదారుని గడపకు చేర్చు ప్రక్రియలో మానవ ప్రమేయాన్ని సంపూర్ణంగా నిషేధించడమైనది. హోటలుకొక రోబో చొప్పున మునిసిపాలిటీయే సరఫరా చేయును. ఉల్లంఘించినవారి లైసెన్సు రద్దగును."

నేను లేచి నిలబడ్డాను. "మరి మా నూకరాజు సంగతేంటండీ?"

"ఎవరాయన?"

"మా పార్సిళ్ళు, కేరేజీలు ఇళ్ళకి ఇచ్చొచ్చేవాడండి."

"ఆయన మానవుడేనా?"

"ఇప్పటిదాకా అలాగే అనుకుంటున్నామండి."

"అయితే ఆయన నిషేధ పరిధిలోకి వస్తారు," అని కమిషనర్ గారు నీళ్ళు తాగారు.

నూకరాజు గురించి చెప్పాలి. మంచివాడే కానీ మహా గొప్పవాడని నేననను. పార్సిలిచ్చి వస్తూ వస్తూ ఆ ఇంటి కోర్టు కేసు, ఈ ఇంటి గేదె ఈత, అన్నీ విని వస్తాడు. నేను అరుస్తాను, వాడు పడతాడు, మళ్ళీ అదే తంతు. వాడి పెళ్ళాం మరిడమ్మ మా హోటల్లోనే పిండి రుబ్బుతుంది. మా ఇడ్లీకి ఊళ్ళో పేరుందంటే ఆవిడ చేతి చలవే. టౌన్ హాలు సంగతి చెప్పగానే ఆవిడ గ్రైండరు ఆపేసింది.

"మా ఆయన్ని తీసేత్తారా అక్కా?"

"నేనెందుకు తీసేస్తానే, మునిసిపాలిటీ తీసేస్తోంది."

"ఎవురైతే ఏంటండి. ఆయన ఎలిపోయిన రోజున నేనూ ఎలిపోతాను. ఆ రోబోనే రుబ్బుకోమనండి," అని మళ్ళీ స్విచ్చేసింది.

అదీ నా పరిస్థితి. నూకరాజు ఉంటే లైసెన్సు పోతుంది. వాడు పోతే ఇడ్లీ పోతుంది.

ఉగాదినాడు రోబో వచ్చింది. మోకాలెత్తు పెట్టె, కింద చక్రాలు, ముందు గుండ్రటి అద్దపు కన్ను. మన ఇంటికి కొత్త బండి వస్తే ఏం చేస్తాం? మరిడమ్మ దానికి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అంతటితో ఆగినా బాగుండును. బొట్టు లేకుండా ఎలా అని, నుదురు ఎక్కడుందో తెలియక, ఆ అద్దపు కన్నుకే ఇంత కుంకుమ దిద్దింది. రోబో "ప్రారంభమవుతోంది" అని పలికి, బుడుంగుమని ఎదురుగా ఉన్న కాల్వలోకి దిగింది. విదేశంలో కమిషనర్ గారు నేర్చుకోకుండా వచ్చిన కాల్వే అది.

పైకి తీయించి కడిగించి, మర్నాటి నుంచి దాని వెనకాల నూకరాజును పంపాను. గతుకు వస్తే ఎత్తాలి, కుక్క వస్తే అదిలించాలి, ఆవు అడ్డం పడుకుంటే బతిమాలాలి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు వాడు దాన్ని మోసుకుంటూ తిరిగాడు. నాలుగోనాటికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ జగ్గారావు వచ్చాడు. పాపం, చెడ్డవాడు కాదు. పైవాళ్ళు ఏది ఇస్తే అది చదివి వినిపిస్తాడు.

"యంత్రం పరిసరాల్లో మానవ సంచారం గమనించబడినది. మళ్ళీ కనబడితే లైసెన్సు రద్దండి ఆదిలక్ష్మి గారూ," అని, చదివిన కాగితం మడిచి, "రెండు గారెలెయ్యండి," అన్నాడు.

నూకరాజును బల్లలు తుడవడానికి పెట్టాను. బల్లలు తుడిచేవాళ్ళు అప్పటికే ఇద్దరున్నారు. ఈ నెలాఖరు దాకా చూద్దామన్నాను. వాడు తలూపాడు. మరిడమ్మ గ్రైండరు స్విచ్చి వంక చూసింది, నాకు భయమేసింది.

అసలు గొడవ కౌన్సిలర్ బుల్లబ్బాయి గారితో మొదలైంది. ఆయన మిల్లు బేరం కుదుర్చుకోవడానికి ముహూర్తం చూసుకుని, గుమ్మం దిగి, కుడికాలు ముందు పెట్టారు. గతుకులు ఎలాగో దాటి పక్కింట్లో అట్లు ఇచ్చేసిన మా రోబో, ఖాళీ పెట్టెతో ఆయనకు ఎదురొచ్చింది. బేరం చెడింది. బేరం ఎందుకు చెడిందని ఎవరు చూస్తారు? ఖాళీ బిందె ఎదురొస్తేనే వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి బయల్దేరే ఊరు మాది. ఖాళీ రోబో వస్తే ఊరుకుంటామా?

"నిండుగా ఎదురొస్తే నాకే అభ్యంతరమూ లేదు," అని ఆయన కౌన్సిల్లో బల్ల గుద్దారు. "ఖాళీ వెధవ నా ఎదురుకు రావడమేంటండీ!"

ఈ మాటతో ఊరికి కొత్త సంగతి తెలిసింది. నిండు రోబో ఎదురొస్తే శుభం. ఇక చూడండి! కోర్టుకెళ్ళే ప్లీడర్లు, పెళ్ళిచూపులకెళ్ళేవాళ్ళు, పరీక్షలకెళ్ళే పిల్లల తల్లులు, అందరూ బయల్దేరే వేళకు సరిగ్గా ఎదురొచ్చేట్టు ఇడ్లీ ఆర్డరు పెట్టడం మొదలుపెట్టారు. తినడానికి కాదు, చూడడానికి. నాకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. కానీ ఒకరికి నిండుగా ఎదురెళ్ళిన రోబో, తిరిగొస్తూ ఎదురింటివాడికి ఖాళీగా తగులుతుంది కదా! వీధికో తగాదా. రోబో మలుపు తిరిగిందంటే చాలు, జనం తలుపుల వెనక నక్కి, సందులోంచి తొంగిచూసేవాళ్ళు.

కమిషనర్ గారు సర్క్యులర్ ఇచ్చారు. జగ్గారావు వచ్చి చదివాడు.

"ప్రజల మనోభావాలను దృష్టియందుంచుకొని, ఇకమీదట ఏ రోబో యూనిట్టూ రహదారిపై ఖాళీగా సంచరించరాదు."

"ఇచ్చేశాక ఖాళీ కాక ఏమవుతుందయ్యా?"

"అది కింద రాయలేదండి."

సరే, ఒక ప్లేటు ఎక్కువ పెట్టి పంపాను, అది లోపలే ఉండి తిరిగొస్తుందని. మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదా! వంకాయలు కొంటే కరివేపాకు కొసరు అడిగే జనం. పెట్టె తెరిచి, "ఇంకో ప్లేటుందే, అదెవరికి?" అనడం, కొసరు కింద తీసుకోవడం. రోబో "ధన్యవాదాలు" అనడం. పాపం దానికి అడ్డం చెప్పడం నేర్పలేదు. నూకరాజయితే, "అయ్ బాబోయ్, అది కరణం గారిదండీ," అని లేని కరణాన్ని పుట్టించేవాడు.

అయితే ఆడవాళ్ళు ధర్మం తప్పలేదు. ఇంటికొచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మన పెద్దలు చెప్పారు కదా! రోబో కూడా గిన్నెలాంటిదే అనుకుని ఒకావిడ రెండు మునక్కాడలు పెట్టింది. ఇంకొకావిడ గోంగూర కట్ట. ఒకరింటి నుంచి మాగాయ కూడా వచ్చింది, అబ్బ, ఏం మాగాయండీ అది! నా రోబో ఇడ్లీతో వెళ్ళి కూరగాయల బండై తిరిగొచ్చేది. ఊరంతా శుభశకునాలే. ఇలాగే సాగితే నాకూ అభ్యంతరం లేకపోయేది. జగ్గారావు మళ్ళీ వచ్చాడు.

"ఆహార వితరణ లైసెన్సు మీద కాయగూరల రవాణా జరుగుచున్నది. కావున లోపల పెట్టిన ఆహారం తప్ప యూనిట్టులో ఏదీ ఉండరాదు. యూనిట్టు ఖాళీగానూ ఉండరాదు."

"అంటే?"

జగ్గారావు కాగితాన్ని రెండోసారి తనలో తాను చదువుకున్నాడు. "అంటే... పెట్టింది పెట్టినట్టు ఉండాలండి."

"మరి ఇవ్వడం?"

"ఇవ్వకూడదని ఎక్కడా లేదండి. ఇస్తే మాత్రం కుదరదు."

పాటించాం. ఏం చేస్తాం? పొద్దున్నే ఊళ్ళో రోబోలన్నీ నిండుగా బయల్దేరేవి, ఇళ్ళ ముందు ఆగేవి, "మీ ఆర్డరు వచ్చింది" అనేవి, పెట్టె తెరవకుండానే నిండుగా తిరిగొచ్చేవి. బుల్లబ్బాయి గారు చాలా సంతోషించారు. కమిషనర్ గారు పైకి పంపిన రిపోర్టులో, వితరణలో ఒక్క పొరపాటు కూడా జరగలేదని రాశారు. నిజమే, వితరణే జరగలేదు.

కడుపు కాలిన జనం గొడవ చేస్తే, కమిషనర్ గారు తల పైకెత్తి ఆకాశం చూశారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఎదురు రారు. డ్రోన్లు దింపారు. అది ఎండాకాలం. పుల్లేటిపట్నంలో ఏ డాబా చూసినా వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు. డ్రోను పెసరట్టు దించడానికి కిందికి రాగానే ఆ గాలికి అప్పడాలు లేచి పక్క డాబా మీద వాలేవి. పక్క డాబావి ఆ పక్కకు. ఏ అప్పడం ఎవరిదో తేల్చుకోలేక, ఏళ్ళ తరబడి చక్కగా ఉన్న తోడికోడళ్ళు మాటలు మానేశారు. ఆడవాళ్ళు బట్టలారేసే దండేల కర్రలు పట్టుకుని డాబాల మీద కాపలా కాశారు. చివరికి ఒక డ్రోను కమిషనర్ గారి క్వార్టర్సు మీద వాలి, ఆయన శ్రీమతి పెట్టిన గుమ్మడి వడియాలన్నీ కాల్వలో కలిపింది. ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది: "వడియాలు లేని గగనతలంలో మాత్రమే డ్రోన్లు సంచరించవలెను." మే నెలలో అలాంటి గగనతలం మా ఊళ్ళో లేదు.

ఇదంతా నవ్వుతాలుగా చెబుతున్నాను గానీ, అప్పటికి నా హోటల్లో గల్లాపెట్టె మోగడం మానేసింది. నూకరాజును పిలిచాను.

"ఒరే, నేనేం చెయ్యనురా. నువ్వే చూస్తున్నావుగా."

"చూత్తన్నానండి అక్కగారూ. మీ తప్పేవుందండి. ఏ తాపీపనికో పోతానండి," అన్నాడు. లోపల గ్రైండరు ఆగిన చప్పుడు వినబడింది. మరిడమ్మ చేతులు కడుక్కుంటోంది.

సరిగ్గా అప్పుడే జగ్గారావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం లేదు.

"ఆదిలక్ష్మి గారూ, కొంప మునిగిందండీ! రేపు రాజధాని నుంచి కమిటీ వస్తోంది. ‘స్వయంచాలిత పట్టణం’ అవార్డు మనకే ఇద్దామని చూస్తున్నారు. గెస్ట్ హౌసు పై అంతస్తులో కూర్చుని టిఫిను తెప్పించుకుంటారట. మెట్లున్నాయి. రోబో ఎక్కదు. కిటికీ కింద వడియాలున్నాయి. డ్రోను రాదు. మీ నూకరాజును పంపండి."

"మానవుడండీ," అన్నాను.

"కమిషనర్ గారు దానికీ మార్గం ఆలోచించారండి."

కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. నూకరాజు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "యంత్రము అనగా నిర్దిష్ట ఆదేశాలను అనుసరించి, ప్రశ్నింపక, పదేపదే ఒకే పని చేయునది. ఈ నిర్వచనంలో ఈయనకు పొసగని అంశమేదైనా ఉన్నదా?"

నేను ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఏమీ కనబడలేదు.

"మాట్లాడతాడండి," అంది మరిడమ్మ లోపల్నుంచి.

"స్వర సదుపాయం," అన్నారు కమిషనర్ గారు. నూకరాజు యంత్రమేనని కాగితం మీద సంతకం పెట్టారు. జగ్గారావు నూకరాజు చొక్కాకు ‘యూనిట్ నం. 1’ అని వెండిరంగు స్టిక్కరు అంటించి, నెత్తిన మిణుకుమిణుకుమనే దీపమున్న టోపీ పెట్టాడు.

మర్నాడు గెస్ట్ హౌసుకు నేనూ వెళ్ళాను. కమిటీకి పెద్ద ఒక అమ్మగారు. నూకరాజు మెట్లెక్కి వచ్చి, "పెసరట్టు వేడిగా ఉందండి. అల్లం చట్నీ అడుగున పెట్టానండి, ఒలకబోసుకోకండి," అన్నాడు.

"అద్భుతం! మాండలికం కూడా పెట్టారు!" అన్నారు ఆ అమ్మగారు. "ఈ తడి ఏమిటి, నుదుటి మీద?"

"ద్రవాధారిత శీతలీకరణ వ్యవస్థ," అన్నారు కమిషనర్ గారు.

"ఇంధనం?"

"గంజన్నమండి," అన్నాడు నూకరాజు.

"జీవ ఇంధనం," అని సర్దారు కమిషనర్ గారు.

కమిటీలో ఒకాయన చట్నీ ఇంకొంచెం కావాలన్నారు. నూకరాజు జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు. కమిటీ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నూకరాజు తిరిగి వెళ్తుంటే బుల్లబ్బాయి గారు ఎదురుపడ్డారు. వాడి చేతులు ఖాళీ. అందరం ఊపిరి బిగబట్టాం. "ఏరా నూకరాజూ, బాగున్నావా?" అని ఆయన తన దారిన తాను పోయారు. ఖాళీ చేతులతో వచ్చే మనిషి అపశకునమైతే మా ఊళ్ళో ఎవరమూ గడప దాటలేం.

కమిటీకి తెలియదా అంటారా? తెలిసే ఉంటుంది. కానీ వాళ్ళ నివేదికలో ‘మనిషి’ అని రాసుకోవడానికి చోటు లేదు. అవార్డు వచ్చింది.

అవార్డుతో పాటు యూనిట్ నిర్వహణ నిబంధనలూ వచ్చాయి. జగ్గారావు గల్లా దగ్గర నిలబడి చదివాడు. యూనిట్టుకు నాలుగు గంటలకొకసారి ఛార్జింగు విరామం. మిట్టమధ్యాహ్నపు ఎండలో నడపరాదు. వానలో తడపరాదు. తగిన బరువును మించి మోపరాదు. వారానికొకరోజు పూర్తిగా ఆపి ఉంచవలెను. నెలకొకసారి నిపుణుడు పరీక్షించవలెను.

"చివరిదొకటుందండి," అన్నాడు జగ్గారావు నా కళ్ళల్లోకి చూడకుండా. "దగ్గరలో పెద్దగా కేకలు వేయరాదు. సెన్సార్లు దెబ్బతింటాయి. పాటించకపోతే లైసెన్సు..."

"తెలుసులేవయ్యా!" అని అరవబోయి, మెల్లగా అన్నాను.

మా హోటల్ మళ్ళీ కళకళలాడింది. నూకరాజు మధ్యాహ్నం వెనక గదిలో ఫ్యాను కింద ఛార్జింగు అయ్యేవాడు, గుర్రుపెట్టి మరీ. నెల పరీక్షలో డాక్టరు గారు మోకాలు చూసి, "విడిభాగం అరుగుదల" అని రాస్తే మునిసిపాలిటీ మందులిప్పించింది. ఆ మోకాలు ఎప్పటినుంచో నొప్పట. నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆదివారం వాడు పెళ్ళాంతో తీర్థానికి వెళ్ళొచ్చాడు. మనిషి ఒళ్ళు చేశాడు, పొరపాటు, యూనిట్టు ఒళ్ళు చేసింది.

ఇంతలో విద్యాధరరావు గారికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. కొత్త కమిషనర్ గారు ఇంకేదో దేశం వెళ్ళొచ్చారు. అక్కడ అంతా చేత్తో చేస్తారట. వచ్చిన వారంలోనే రోబోలను వెనక్కి తెప్పించి, "ఆహార వితరణ యందు మానవ హస్తమే శ్రేష్ఠము" అని సర్క్యులర్ తీశారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పూతరేకులు తెప్పించి నూకరాజును పిలిచాను.

"నోరు తీపి చేసుకోరా! రేపట్నుంచి నువ్వు మళ్ళీ మనిషివి!"

వాడి మొహం వాడిపోయింది. చేతిలో పూతరేకు అలాగే ఉండిపోయింది.

"అక్కగారండీ, నేనేవన్నా తప్పు చేశానాండీ?"

"తప్పేంట్రా పిచ్చోడా! నిన్ను మనిషిని చేశారు."

"అందుకేనండి అడుగుతున్నాను," అన్నాడు. "రోబోని అయ్యాకే కదండీ, ఎండగా ఉంది ఆగరా అన్నారు. మోకాలెలా ఉందని అడిగారు. పనెంతైనా చేత్తానండి, ఎనిమిదిళ్ళు ఎక్కువ తిరగమన్నా తిరుగుతాను. మళ్ళీ మనిషిని మాత్రం చెయ్యకండి అక్కగారూ, మీకు దణ్ణం పెడతాను." స్టిక్కరు ఊడబెరుకుతానేమోనని గుండెల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. "ఉంచుకో, ఎవడడుగుతాడో నేనూ చూస్తాను," అన్నాను.

మరిడమ్మ పిండి చేతులతో బయటికొచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆ స్టిక్కరు వంక చూసింది, నా వంక చూసింది.

"మరి నన్నెప్పుడు చేయిత్తారండీ రోబోని?" అంది.